దూలం ఎక్కడ విరుగుతుంది? విద్యార్థులు చేసి చూడదగిన నిర్మాణ ప్రయోగాలు

పాఠశాలల్లో వైజ్ఞానిక ప్రదర్శన ఏర్పాటైనప్పుడల్లా ఒక వంతెన తప్పక దర్శనమిస్తుంది. థర్మోకోలుతో కట్టి, కింద నీలిరంగు కాగితంతో నది పరచి, పైన రెండు బొమ్మకార్లు నిలిపిన వంతెన అది. తండ్రి రాత్రి పొద్దుపోయేదాకా కూర్చుని జిగురు అంటించి ఉంటాడు. తల్లి అంచులకు జరీ కాగితం చుట్టి ఉంటుంది. వచ్చిన అతిథులు మెచ్చుకుంటారు. ఒక్కొక్కప్పుడు బహుమతి కూడా లభిస్తుంది. సాయంత్రానికి ఆ వంతెన అటక ఎక్కుతుంది. ఇంత శ్రమపడినా దాని మీద ఒక్క ఇటుక పెట్టి చూసినవారు ఉండరు. అది ఎంత బరువు మోస్తుందో, ఎక్కడ మొదట బీటవారుతుందో కట్టిన విద్యార్థికే తెలియదు.

నిర్మాణ శాస్త్రం మొదలయ్యేది ఆ బీట దగ్గరనే. కట్టినదానిపై బరువు పెంచుతూ పోయి, అది విరిగేదాకా ఆగి, విరిగిన చోటును వేలితో తడిమి చూసిన విద్యార్థికి పుస్తకంలోని పది పుటలు ఒక్కసారిగా అర్థమవుతాయి. దానికి ఖరీదైన ప్రయోగశాల అక్కరలేదు. ఒక బకెట్టు, నాలుగు ఇటుకలు, కొంచెం సిమెంటు, గజం తీగ, గుప్పెడు గోళీలు చాలు.

ఈ విద్య ప్రదర్శన బల్ల దగ్గరే ఆగిపోయేది కాదు. సరిహద్దు గ్రామాలలో చాలా ఇళ్లు ఇంజనీరు గీసిన నక్షాతో లేవవు. తాపీ మేస్త్రీ అనుభవమే అక్కడ నక్షా. ఆ అనుభవం చాలామట్టుకు నమ్మదగినదే. తరతరాలుగా గోడలు నిలబెట్టిన చేతులవి. కాని కాంక్రీటు, ఇనుపకడ్డీ పల్లెకు వచ్చి రెండు మూడు తరాలే అయింది. రాతికీ మట్టికీ చెల్లిన పద్ధతులన్నీ వాటికి చెల్లవు. కడ్డీ ఉండవలసిన చోటు నుంచి నాలుగు వేళ్లు కిందికి దిగినా సజ్జ కూలుతుంది. కూలినప్పుడు దాని కింద ఉండేది ఎక్కువగా ఆ ఇంటివారే. ఆ తప్పును కాంక్రీటు పోయకముందే గుర్తుపట్టడానికి ఎనిమిదో తరగతి చదువు సరిపోతుంది, ఆ చదువు చేతితో చదివినదైతే.

మొదటి మెట్టుకు ఖర్చే లేదు. ఒక తెల్లకాగితాన్ని రెండు పుస్తకాల మధ్య, జానెడు ఎడంతో వంతెనలా పరిస్తే తన బరువుకే మధ్యలో కుంగిపోతుంది. అదే కాగితాన్ని విసనకర్రలా వేలెడు వెడల్పు మడతలు పెట్టి పరిస్తే రూపాయి బిళ్లలను వరుసగా మోస్తుంది. కాగితం మారలేదు, బరువూ పెరగలేదు. పెరిగింది దాని లోతు, అనగా పైఅంచుకూ కిందిఅంచుకూ మధ్య దూరం. పశువుల కొట్టం మీది రేకుకు అలలు ఉండడం అందం కోసం కాదని పిల్లలకు ఇక్కడే తెలుస్తుంది. అలాగే చెక్క స్కేలును పడుకోబెట్టి నొక్కితే వంగుతుంది, అంచు మీద నిలబెట్టి నొక్కితే వంగదు. వడ్రంగి దూలాన్ని ఎప్పుడూ సన్నని వైపు కిందికి వచ్చేటట్టు నిలబెట్టడం ఇందుకే. వెడల్పు మార్చకుండా లోతు రెట్టింపు చేస్తే దూలం బలం నాలుగింతలవుతుంది. వంగకుండా నిలిచే బిగువు ఎనిమిదింతలవుతుంది.

ఈ లోతు మహిమను మొదట లెక్కగట్టినవారిలో గెలీలియో ఒకడు. దూరదర్శినితో ఆకాశం చూసిన ఆ గెలీలియోయే 1638లో ప్రచురించిన గ్రంథంలో గోడలోంచి ముందుకు పొడుచుకొచ్చిన దూలాన్ని గూర్చి చర్చించాడు. లోతు విషయం సరిగ్గానే చెప్పాడు. కాని వంగిన దూలంలో ఏ భాగం లాగబడుతుంది, ఏ భాగం నొక్కబడుతుంది అన్నచోట పొరబడ్డాడు. దూలం మందమంతా లాగబడుతుందని అనుకున్నాడు. ఆ పొరపాటును తర్వాతి తరాలవారు దిద్దారు. అంతటివాడు తడబడినచోట నేటి పిల్లవాడు ఒక స్పంజి ముక్కతో అయిదు నిమిషాలలో గట్టెక్కవచ్చు.

పరుపులో వాడే స్పంజిని మూరెడు పొడవు, నాలుగు వేళ్ల మందం ఉండేటట్టు కోయాలి. పక్కభాగం మీద పెన్నుతో నిలువుగీతలు సమదూరంలో గీయాలి. రెండు కొసలకూ ఇటుకల ఆధారమిచ్చి మధ్యలో చేత్తో నొక్కితే గీతల తీరు మారుతుంది. పైన గీతలు దగ్గరకు జరుగుతాయి, కింద దూరమవుతాయి, నడుమ ఎక్కడో ఒక వరుసలో ఎడం మారకుండా ఉంటుంది. అనగా దూలం పైభాగం నొక్కబడుతోంది, కిందిభాగం లాగబడుతోంది. పాఠ్యపుస్తకాలు వీటినే సంపీడనం, తన్యత అంటాయి. ఇప్పుడు అదే స్పంజిని ఒక కొస బల్ల మీద ఉంచి, దానిపై ఇటుక పెట్టి, రెండో కొసను గాలిలోకి వదిలి ఆ కొసను కిందికి నొక్కాలి. ఈసారి అంతా తలకిందులవుతుంది. గీతలు పైన విడిపోతాయి, కింద దగ్గరవుతాయి.

ఈ తలకిందులు గుర్తుంటే చాలు. తక్కినదంతా దీని మీదనే నిలుస్తుంది.

రాయి నొక్కుడుకు లొంగదు, లాగుడుకు ఇట్టే లొంగుతుంది. హంపిలో విఠలాలయ మంటపం చూసినవారికి స్తంభాలు దగ్గరదగ్గరగా నిలబడి ఉండడం గుర్తుంటుంది. ఆ శిల్పులకు విశాలమైన మంటపం కట్టాలని లేక కాదు. స్తంభాల నడుమ దూరం పెంచితే రాతిదూలం కిందివైపు లాగుడుకు పగులుతుందని వారికి అనుభవంతో తెలుసు. బండపరుపు ఇళ్లలోనూ దూలాల నడుమ ఎడం తక్కువగా ఉంచడం ఇందుకే. కాంక్రీటు కూడా ఒక విధమైన రాయే. నొక్కుడుకు అది ఎంత ఓర్చుకుంటుందో లాగుడుకు అందులో సుమారు పదోవంతు మాత్రమే ఓర్చుకుంటుంది. లాగుడు పడేచోట ఇనుము పెడితే ఆ లోటు తీరుతుంది. ఇనుమూ కాంక్రీటూ కలిపి పేటెంటు పొందిన తొలివారిలో ఒకడు ఇంజనీరు కాడు. జోసెఫ్ మోనియే అనే ఫ్రెంచి తోటమాలి. పూలమొక్కల తొట్లు పగిలిపోతున్నాయని సిమెంటు తొట్లలో ఇనుపతీగ అల్లిక పెట్టి 1867లో పేటెంటు తీసుకున్నాడు.

నాలుగు దూలాల పరీక్ష

ఇక అసలు ప్రయోగం. దీనికి మూడు నాలుగు వారాల వ్యవధి, ఒక మేస్త్రీ గాని ఉపాధ్యాయుడు గాని తోడు అవసరం. చెక్కపట్టీలతో 70 సెంటీమీటర్ల పొడవు, 5 సెంటీమీటర్ల వెడల్పు, 2.5 సెంటీమీటర్ల లోతు గల నాలుగు అచ్చులు చేయాలి. లోపల కాస్త నూనె రాయాలి. ఒక పాలు సిమెంటు, మూడు పాళ్లు జల్లించిన ఇసుక కలిపి, ముద్ద కట్టేటంత మాత్రమే నీరు పోయాలి. నీరు ఎక్కువైతే పని సులువు, బలం తక్కువ. ఈ మాట మేస్త్రీలందరికీ తెలుసు. పని తొందరలో మరచిపోతారు.

మొదటి దూలంలో ఏమీ పెట్టరాదు. రెండోదానిలో 2 మిల్లీమీటర్ల మందపు ఇనుపతీగలు రెండు, అడుగు నుంచి అర సెంటీమీటరు ఎత్తున, పొడవునా వేయాలి. తీగ కొసలను కొక్కెంలా వంచాలి, లేకుంటే లాగినప్పుడు జారివస్తాయి. మూడో, నాలుగో దూలాలలో అవే తీగలను పైముఖానికి అర సెంటీమీటరు దిగువన వేయాలి. ఆరకముందే మేకుతో అంకెలు గీసి, పైముఖం ఏదో గుర్తు పెట్టాలి. అచ్చులోంచి తీశాక ఏది పైనో ఏది కిందో పోల్చుకోలేక ప్రయోగం పాడైన సందర్భాలు తక్కువేమీ కావు. మరునాటి నుంచి తడిగోనె కప్పి కనీసం ఏడు రోజులు, బూడిద కలిసిన సిమెంటైతే పది రోజులు తడి ఆరకుండా చూడాలి. ఎండాకాలంలో పూటకు రెండుసార్లు తడపవలసి రావచ్చు. పరీక్షకు 28 రోజులు ఆగడం ఉత్తమం. రెండు వారాలకైనా తేడా స్పష్టంగానే కనిపిస్తుంది.

పరీక్షరోజున రెండు ఇటుకల దొంతులను 60 సెంటీమీటర్ల ఎడంతో నిలిపి, మొదటి దూలాన్ని వాటిపై ఉంచి, నడిమధ్య తాడుతో బకెట్టు వేలాడదీయాలి. బకెట్టు నేలకు బెత్తెడు ఎత్తులోనే ఉండాలి, కింద పాత గోనె పరచాలి, కాళ్లు దూరంగా ఉంచాలి. లీటరు చెంబుతో నీరు పోస్తూ లెక్క రాసుకోవాలి. లీటరు నీరు కిలో కాబట్టి వేరే త్రాసు అక్కరలేదు.

మొదటి దూలం ఏ హెచ్చరికా ఇవ్వదు. చెంబు తరువాత చెంబు మోస్తూ మోస్తూ ఒక్కసారిగా ఫట్టున రెండు ముక్కలవుతుంది. కంటికి కనిపించేటంతగా వంగనైనా వంగదు. రెండో దూలం తీరు వేరు. ఇంచుమించు అదే బరువు దగ్గర దాని అడుగున వెంట్రుకంత బీట కనిపిస్తుంది, కాని దూలం పడిపోదు. తీగ పని అందుకుంటుంది. నీరు పోసేకొద్దీ బీటలు పెరుగుతాయి, దూలం కళ్లముందే కుంగుతుంది, అయినా మోస్తుంది. చక్కగా చేసిన దూలం మొదటిదానికి దాదాపు రెట్టింపు బరువు మోయడం కద్దు. బరువు కన్న ముఖ్యం ఆ కుంగుడు. ఇంట్లో స్లాబు కుంగి, బీటలిచ్చి, బయటికి పొమ్మని మనుషులకు వ్యవధి ఇస్తే ప్రాణాలు దక్కుతాయి.

మూడో దూలం దగ్గర పిల్లలు ఆశ్చర్యపోతారు. అందులోనూ రెండోదానిలో ఉన్నంత ఇనుమే ఉంది, అంతే సిమెంటు, అంతే కూలి. కాని తీగ పైన ఉంది, లాగుడు కింద ఉంది. బీట అడుగున పుట్టి ఆపేవాడు లేక తీగ దాకా పరుగెత్తుతుంది. దూలం మధ్యకు విరిగి, రెండు ముక్కలూ తీగకు వేలాడుతూ వచ్చిన పుస్తకంలా ముడుచుకుంటాయి. ఇనుము ఎంత పెట్టారన్నది సగం ప్రశ్న మాత్రమే, ఎక్కడ పెట్టారన్నది తక్కిన సగమని చెప్పడానికి ఇంతకంటె సాక్ష్యం వేరే అక్కరలేదు.

నాలుగో దూలాన్ని బల్ల అంచున ఉంచి, 25 సెంటీమీటర్లు బయటకు వదిలి, బల్ల మీది భాగంపై బరువైన రాళ్లు పేర్చి, బయటి కొసకు బకెట్టు కట్టాలి. మూడో దూలంలో ఏ తీగ పనికిరాకుండా పోయిందో అదే తీగ ఇక్కడ భేషుగ్గా మోస్తుంది. స్పంజి చూపిన తలకిందుల సంగతి ఇప్పుడు సిమెంటులో కనిపిస్తుంది. కిటికీ మీది సజ్జ, మేడ ముందరి బాల్కనీ, గోడ దాటి వచ్చిన చూరు స్లాబు, ఇవన్నీ నాలుగో దూలానికి అన్నదమ్ములు. వాటిలో ముఖ్యమైన కడ్డీ పైన ఉండాలి.

ఈ సంగతి తెలిసిన మేస్త్రీ చేతిలో కూడా సజ్జ కూలవచ్చు. కడ్డీలు పైన కట్టిస్తాడు. కాని కాంక్రీటు తట్టలు మోసేవారు ఆ అల్లిక మీదనే నడుస్తారు. అడుగు పడిన చోటల్లా కడ్డీ కిందికి దిగుతుంది. పైన కాంక్రీటు కప్పేస్తే ఇక దాన్ని చూసేవారుండరు. 10 సెంటీమీటర్ల మందపు సజ్జలో అడుగు నుంచి 8 సెంటీమీటర్ల ఎత్తున ఉండవలసిన కడ్డీ తొక్కుడుకు 4 సెంటీమీటర్లకు దిగితే బలం దాదాపు సగమైపోతుంది. సెంట్రింగు తీసిన రోజున కూలకపోవచ్చు. పండుగకు నలుగురు పిల్లలు ఎక్కి కూర్చున్న రోజున కూలుతుంది. నివారణకు అయ్యే ఖర్చు స్వల్పం. కడ్డీముక్కలను వంచి చేసిన కుర్చీలపై పైఅల్లికను నిలపాలి, నడవడానికి అడ్డంగా పలకలు వేయాలి, కాంక్రీటు పోసే ముందు ఒక మనిషి స్కేలు పట్టుకొని ఎత్తు కొలవాలి. ఆ మనిషి ఇంటి పిల్లవాడో పిల్లో కావచ్చు. మేస్త్రీని తప్పుపట్టినట్టు కాక, “మామా, ఈ కడ్డీ ఎంత ఎత్తుండాలె?” అని అడిగితే ఆయనే చూపిస్తాడు, చూపిస్తూ సరిచేస్తాడు కూడా.

యానాం వంటి సముద్రపు గాలి తగిలే ఊళ్లలో మరొక చిన్న పరీక్ష చేర్చుకోవచ్చు. ఒక మేకును మంచినీటిలో, మరొకదాన్ని ఉప్పునీటిలో సగం మునిగేటట్టు వారంపాటు ఉంచితే చాలు. తుప్పు ఇనుముకన్న ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. లోపలి కడ్డీ ఉబ్బి కాంక్రీటును పెళ్లలుగా రాల్చేది అందుకే. కడ్డీ చుట్టూ తగినంత కాంక్రీటు మందం వదలడం, ఉప్పు ఇసుకను ముట్టకపోవడం అక్కడ మరీ ముఖ్యం.

ఇంట్లో ఒక మాట, బడిలో ఒక మాట

సరిహద్దు పిల్లలకు ఈ విద్యలో ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. ఇంట్లో తాత దూలం అంటాడు. బడిలో కన్నడ ఉపాధ్యాయుడు తొలె అంటాడు, తమిళ ఉపాధ్యాయుడు ఉత్తిరం అంటాడు, మరాఠీ పుస్తకంలో తుళఈ అని, ఒడియాలో కడి అని ఉంటుంది. మేస్త్రీ బీము అంటాడు. పరీక్షలో ఒక మాట, పనిచోట ఇంకొక మాట కావడంతో, ఇవన్నీ ఒకే వస్తువు పేర్లన్న ఎరుక పిల్లవాడికి ఆలస్యంగా కలుగుతుంది. విరిగిన దూలం ముందు నిలబడితే ఆ చిక్కు వీడిపోతుంది. ముక్కలు చేతిలో ఉన్నాయి. వాటికి నాలుగు భాషల్లోనూ పేరు రాసుకోవడం అర్ధగంట పని. మూలమట్టం, రసమట్టం, సెంట్రింగు వంటి పనిముట్ల, పనుల పేర్లను ఇంటి పెద్దల నుంచి, మేస్త్రీ నుంచి సేకరించి ప్రయోగపు పుస్తకంలో చేరిస్తే, ఆ పుస్తకం ఒక్క విజ్ఞాన శాస్త్రానికే కాక తెలుగుకూ పనికివస్తుంది. పాఠశాలలో తెలుగు లేని పిల్లలకు ఇది చిన్న విషయం కాదు.

వంతెనల సంగతి క్లుప్తంగా. మూడు పుల్లలను కొసల దగ్గర ఒక్కొక్క మేకుతో కలిపితే త్రికోణం బిగుసుకుని నిలుస్తుంది. నాలుగు పుల్లలను కలిపితే చతురస్రం చేయి తగలగానే పక్కకు ఒరుగుతుంది. దానికొక ఐమూల పుల్ల చేరిస్తే రెండు త్రికోణాలై తిరిగి బిగుస్తుంది. కరెంటు టవర్లలో, బియ్యపుమిల్లుల పైకప్పు చట్రాల్లో కనిపించే త్రికోణాలకు ఇదే కారణం. రాజమండ్రి వద్ద గోదావరిపై 1900లో ప్రారంభమై 1997లో విశ్రాంతి పొందిన హేవలాక్ వంతెన 56 ఖానాలతో ఇనుపచట్రాల మీద నిలిచింది. దాని పని అందుకున్నది పక్కనే ఉన్న కాంక్రీటు విల్లుల వంతెన. 28 ఖానాలు, ఒక్కొక్కటి సుమారు 97 మీటర్లు. వెదురుబద్దను విల్లులా వంచి బల్ల మీద నిలిపి పైనుంచి నొక్కితే రెండు కాళ్లూ పక్కలకు జారిపోతాయి. కాళ్లను నారితో కట్టి నొక్కితే జారవు. గోదావరి వంతెనలో ఆ నారి పని చేసేది రైలు నడిచే అడుగుభాగమే.

గోడ రెండుగా చీలితే

దూలం తరువాత గోడ. ఇక్కడ చెప్పవలసిన ఉదంతం మహారాష్ట్ర సరిహద్దు కుటుంబాల పెద్దలకు ఇంకా జ్ఞాపకం ఉంటుంది. 1993 సెప్టెంబరు 30వ తేదీ తెల్లవారుజామున, నాలుగు గంటలు కావస్తుండగా, లాతూరు జిల్లా కిల్లారి ప్రాంతంలో భూమి కంపించింది. ముందురోజు వినాయక నిమజ్జనం. అలసిన జనం ఇళ్లలో గాఢనిద్రలో ఉన్నారు. తీవ్రత 6.2. ఆ అంకెతో భూకంపాలు ప్రపంచంలో తరచుగా వస్తూనే ఉంటాయి. కాని లాతూరు, ఉస్మానాబాదు (నేటి ధారాశివ్) జిల్లాలలో పదివేలమందికి దగ్గరగా మరణించారు. ప్రకంపనలు హైదరాబాదు దాకా తెలిశాయి.

అంతమందిని చంపినది భూమి కాదు, గోడలు. ఆ ఊళ్ల ఇళ్లు మూరెడుకు మించిన మందంతో ఉన్న రాతిగోడలు. చూడడానికి కోటగోడల్లా ఉండేవి. నిజానికి ఒక్కొక్క గోడా రెండు గోడలు: బయట ఒక వరుస, లోపల ఒక వరుస, నడుమ రాళ్లముక్కలు, మట్టి. రెండు వరుసలను కలిపి పట్టే రాయి లేదు. పైన దూలాలు, వాటిపై వానకు కారకుండా ఏటేటా మట్టి వేసి వేసి బరువెక్కిన మిద్దె. కంపించినప్పుడు రెండు వరుసలూ ఎటుదటు ఉబ్బి విడిపోయాయి, మిద్దె నడుమ కూలింది. మిద్దె ఇళ్లున్న రాయలసీమ, బళ్లారి, రాయచూరు పల్లెలవారు ఈ వర్ణనలో తమ పాత ఇంటినే చూసుకోవచ్చు.

దీనిని బల్ల మీద చూపవచ్చు. నున్నటి నేల మీద ఇరవై గోళీలు పరచి, వాటిపై ఒక చెక్కపలక ఉంచితే కంపించే బల్ల సిద్ధమవుతుంది. పలక మీద రెండు చిన్న గోడలు కట్టాలి. రెండూ 40 సెంటీమీటర్ల పొడవు, 10 సెంటీమీటర్ల మందం, 25 సెంటీమీటర్ల ఎత్తు. గులకరాళ్లు, మట్టిముద్దతో రెండు వరుసలుగా, నడుమ చిన్నముక్కలు నింపుతూ కట్టాలి. మొదటిదానిలో అడ్డరాయి ఏదీ ఉండకూడదు. రెండోదానిలో మాత్రం రెండు మూడు వరుసలకొకసారి గోడ మందమంతా ఈ ముఖం నుంచి ఆ ముఖం దాకా పోయే పలుచని పొడవు రాళ్లు గాని, చెక్కముక్కలు గాని పెట్టాలి. రెండు మూడు రోజులు ఆరనిచ్చి, మిద్దె బరువుకు గుర్తుగా రెంటిపై తలా ఒక ఇటుక ఉంచి, పలకను చేతితో ముందుకూ వెనక్కూ ఊపాలి. మొదట మెల్లగా, తరువాత వేగంగా.

అడ్డరాయి లేని గోడ పొట్ట ఉబ్బినట్టు ఉబ్బి, ముఖాలు రెండూ అటూ ఇటూ రాలిపోతాయి. ఇటుక నడుమకు దిగిపోతుంది. అడ్డరాళ్లున్న గోడ బీటలిస్తుంది, మూలలు రాలవచ్చు, కాని ఒకే గోడగా చాలాసేపు నిలుస్తుంది. చేతితో ఊపేది కాబట్టి రెండు గోడలూ ఒకే పలక మీద ఉండాలి. వేరువేరుగా ఊపితే పోలికకు విలువ ఉండదు. తోటివారు సెల్‌ఫోనుతో చిత్రీకరిస్తే ఏ రాయి మొదట కదిలిందో తరువాత నిదానంగా చూసుకోవచ్చు.

ఇళ్ల విషయంలో నియమం చాలా సులభం. రాతిగోడ మందం 45 సెంటీమీటర్లు మించకుండా ఉండాలి. ఎత్తులో ప్రతి 60 సెంటీమీటర్లకూ, పొడవులో 1.2 మీటర్లు మించని ఎడంతో, గోడ మందమంతా సాగే రాయి ఒకటి ఉండాలి. అంత పొడవు రాయి దొరకకపోతే కాంక్రీటు దిమ్మెగాని కొక్కెం కడ్డీగాని వాడవచ్చు. తలుపులు, కిటికీల పైఎత్తున అన్ని గోడలనూ చుట్టి కలిపే కాంక్రీటు బెల్టు ఉండాలి. పలక మీది రెండో గోడ చుట్టూ నవారు గట్టిగా కట్టి మళ్లీ ఊపితే ఆ బెల్టు చేసే మేలు కూడా తెలుస్తుంది. పాత గోడలను పడగొట్టనక్కరలేదు. అటూ ఇటూ ఒక్కొక్క రాయిని నెమ్మదిగా తొలగించి, ఆ కన్నంలో కొక్కెం కడ్డీ పెట్టి కాంక్రీటు నింపే పద్ధతి ఉంది. అది తెలిసిన పనివాడి చేతనే చేయించాలి. ఇటువంటి విషయాలన్నిటినీ ఐఐటీ కాన్పూరు ఆధ్వర్యంలో ఆచార్య సి.వి.ఆర్. మూర్తి 24 చిన్న పాఠాలుగా, బొమ్మలతో సహా రాశారు. ఉన్నత పాఠశాల ఉపాధ్యాయులు వాటిని తరగతిలో వాడుకోవచ్చు.

ఖర్చు విషయానికి వస్తే, నాలుగు దూలాలకూ రెండు గోడలకూ కలిపి సిమెంటు కొన్ని కిలోలకు మించదు. ఊళ్లో ఇల్లు కట్టేచోట అడిగితే కాదనేవారుండరు. తడి సిమెంటు చర్మాన్ని తినేస్తుంది కనుక చేతులకు తొడుగులుండాలి, కంట్లో పడకుండా చూడాలి. కేంద్ర ప్రభుత్వం 2009లో మొదలుపెట్టిన ఇన్‌స్పైర్ అవార్డుల పథకంలో ఎంపికైన విద్యార్థికి నమూనా తయారీకి 10 వేల రూపాయలు ఇస్తారు. పాఠశాల ద్వారా ఆలోచన పంపితే చాలు. ఏ రాష్ట్రమైనా, ఏ మాధ్యమమైనా అడ్డంకి కాదు.

ప్రదర్శనకు తీసుకువెళ్లేటప్పుడు నిలిచిన నమూనాతో పాటు విరిగిన ముక్కలను కూడా బల్ల మీద పెట్టాలి. ప్రతి ముక్క పక్కనా అది ఎన్ని లీటర్ల దగ్గర విరిగింది, బీట ఏ వైపు నుంచి మొదలైంది, విరగకముందు విద్యార్థి ఏమి ఊహించాడు అన్న మూడు వాక్యాలు రాసి ఉంచాలి. ఊహ తప్పిందని రాయడానికి పిల్లలు మొదట సిగ్గుపడతారు. అటువంటివారికి గెలీలియో దూలం కథ చెప్పవచ్చు.